తత్సమముల చాటున: సూరతు తెలుగు కుటుంబము, లూథరు ఉపదేశము

సూరతు నగరమునందలి లింబాయతు, ఉధనా ప్రాంతములలో మరమగ్గముల చప్పుడు నడుమ తెలుగు మాట వినవచ్చుట క్రొత్త విషయము కాదు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి నేతపనికై వలసపోయిన కుటుంబములు తాపీనదీ తీరమున స్థిరపడి కొన్ని తరములు గడచినవి. అచటి నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మొదలగు మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలను నడపినది. అయినను ఇంట తెలుగు, వీధిలో హిందీ, బజారులో గుజరాతీ వినుచు పెరిగిన పిల్లవానికి తెలుగు చెవికి తెలిసిన భాషగా మిగులునే కాని, కంటికి తెలిసిన భాషగా మిగులుట అరుదు. ఈ స్థితిని గూర్చి చింతించు పండితులు సాధారణముగా పద్యము పోయినది, లిపి పోయినది అని విచారింతురు. ఆ విచారము న్యాయమైనదే. కాని భాష మారినపుడు పోవునది సాహిత్యము మాత్రమే కాదు. సూక్ష్మమైన అర్థభేదములపై నిలిచిన మతసిద్ధాంతము కూడ ఆ మార్పులో కదలును. అది ఎట్లు కదలునో తెలిసికొనుటకు తెలుగు క్రైస్తవులయందలి లూథరను సంప్రదాయమువంటి స్పష్టమైన నిదర్శనము మరియొకటి లేదు.

లూథరను సంప్రదాయము విశ్వాసప్రమాణములపై నిలిచినది. 1529లో మార్టిన్ లూథరు రచించిన చిన్న, పెద్ద ఉపదేశగ్రంథములు, 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాసప్రమాణము, 1531లో మెలాంక్తను దానికి వ్రాసిన సమర్థనము, 1577 నాటి ఏకవాక్యతా సూత్రము మున్నగునవి 1580లో ఒకే సంపుటముగా వెలువడినవి. ఈ ప్రమాణములకు కట్టుబడిన వారి దృష్టిలో సిద్ధాంతమనగా భక్తిభావము మాత్రమే కాదు; ఆచితూచి పలికిన వాక్యము. ఒక క్రియాపదము మారినచో సిద్ధాంతము మారునని వారు వాదించిరి. ఆ వాదమునకై సంఘములు చీలుటకు కూడ వెనుదీయలేదు. అయినను ఇంతటి వాక్యనియమమును పాటించిన సంప్రదాయమే తన మొదటి పాఠమును పండితసభలో కాక ఇంటి అరుగుమీద ఉంచినది. చిన్న ఉపదేశగ్రంథమునందలి ప్రతి ముఖ్యభాగమును గృహయజమానుడు తన ఇంటివారికి సరళముగా నేర్పవలెనని లూథరు ఆ భాగముల శీర్షికలలోనే పేర్కొనెను. కాబట్టి ఇంటిభాష ఏది అను ప్రశ్న ఈ సంప్రదాయమున సిద్ధాంతమునకు వెలుపలిది కాదు.

తెలుగు భాషకు ఈ ఉపదేశముతో గల సంబంధము చాల పాతది. 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో చెన్నపట్టణమునకు మారిన బెంజమిన్ షుల్జి తెలుగు నేర్చి, ఆ భాషకు లాటినులో వ్యాకరణము వ్రాసెను. ఆయన తెలుగు బైబిలు అనువాదము వ్రాతప్రతిగానే నిలిచిపోయినది. 1743లో స్వదేశమునకు మరలిన పిదప హాలే నగరమున 1746, 1747 సంవత్సరములలో ఆయన అచ్చు వేయించిన చిన్న పొత్తములలో లూథరు ఉపదేశగ్రంథము కూడ ఒకటి. తెలుగు అచ్చుపుస్తకముల చరిత్ర ఆ పొత్తములతోనే మొదలగుచున్నది. 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు కార్యము ఆ ఉపదేశమును కృష్ణా, గుంటూరు సీమల పల్లెలకు తెచ్చెను. ఆ మిషనుల ఫలముగా 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘము స్వతంత్రముగా ఏర్పడెను.

సూరతుకును తెలుగు బైబిలుకును గల ఒక చారిత్రకమైన లంకె కూడ ఈ సందర్భమున స్మరింపదగినది. లండను మిషనరీ సమాజమువారు 1804లో హిందూదేశమునకు పంపిన వారిలో కొందరిని సూరతునకును, కొందరిని కోరమాండలు తీరమునకును ఉద్దేశించిరి. సూరతునకు నియమితులైన టేలరు, లవ్‌లెస్ అనువారు అచట కార్యము నెలకొల్పలేకపోయిరి. తీరమునకు నియమితులైన జార్జి క్రాను, అగస్టస్ డెగ్రాంజి అనువారు 1805లో విశాఖపట్టణము చేరి తెలుగు అనువాదమునకు పూనుకొనిరి. సూరతు కార్యము 1815లో మరల మొదలయ్యెను. స్కిన్నరు, ఫైవీ అనువారి గుజరాతీ క్రొత్తనిబంధన 1821 నాటికి ఆ నగరముననే అచ్చయ్యెను. 1846లో ఆ కార్యము ఐర్లండు ప్రెస్బిటేరియను మిషనువారి వశమైనది. వారి పరంపర 1970లో ఉత్తరహిందూస్థాన సంఘమున లీనమైనది. అనగా నేడు సూరతున గుజరాతీ ఆరాధనకు పోవు తెలుగు లూథరను కుటుంబము ఒకే సమాజము నాటిన రెండు అనువాదవృక్షముల నడుమ నిలిచియున్నది. అంతేకాక గుజరాతీ వృక్షము పెరిగినది లూథరను నేలలో కాదు, కాల్విను సంప్రదాయపు నేలలో.

ఇట్టి కుటుంబమును గూర్చి సాధారణముగా వినవచ్చు అభిప్రాయ మొకటి కలదు. తెలుగునకును గుజరాతీకిని సంస్కృతము సమానమైన భాండాగారము. విశ్వాసము, కృప, పాపము, సువార్త అను మాటలు రెండు భాషలలోను ఇంచుమించు ఒకటే. కావున భాష మారినను ఉపదేశము మారదు అనునది ఆ అభిప్రాయము. పైకి ఇది సబబుగనే తోచును. పరిశీలించినచో మాత్రము ఇది పొరపాటు. తత్సమములు రెండు భాషలకు సమానములగుట నిజమే. కాని లూథరను సిద్ధాంతము తెలుగులో నిలిచినది తత్సమములపై కాదు. తెలుగునకే సొంతమైన చిన్న ప్రత్యయములపై, అవ్యయములపై, వాక్యనిర్మాణముపై నిలిచినది. తత్సమములు తమంతట తాము సరిహద్దు దాటిపోవును. చిన్న రూపములు దాటవు. పెద్దమాటలు దాటుట చూచి అంతయు దాటెనని భ్రమించుటలోనే అపాయమున్నది. ఈ విషయమును నాలుగు ఉదాహరణములతో స్పష్టపరుపవచ్చును.

మొదటిది అవధారణార్థకమైన ఏకారము. 1522లో లూథరు జర్మను భాషలో క్రొత్తనిబంధనను ప్రకటించినపుడు రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము 28వ వచనమున, విశ్వాసము అను మాటకు ‘మాత్రమే’ అను అర్థమిచ్చు జర్మను పదమును చేర్చెను. గ్రీకు మూలమున ఆ పదము లేదు. విరోధులు దీనిని పట్టుకొని, దైవవాక్యమునకు తన మాట కలిపెనని నిందించిరి. 1530లో కోబర్గు కోటనుండి అనువాదమును గూర్చి వ్రాసిన బహిరంగలేఖలో లూథరు దీనికి సమాధానము చెప్పెను. ఒకటి కాదనుచు మరియొకటి అవుననునపుడు జర్మను నుడికారము ఆ పదమును కోరుననియు, రైతు ధాన్యము మాత్రమే తెచ్చెను, సొమ్ము తేలేదు అనునట్టి వాక్యములలో అది సహజముగా వచ్చుననియు, అనువాదకుడు ఇంటిలోని తల్లిని, వీధిలోని పిల్లలను, సంతలోని సామాన్యుని అడిగి మాట నేర్చుకొనవలెననియు ఆ వాదసారము.

ఇక తెలుగు చూడుడు. నేడు తెలుగు సంఘములలో విరివిగా చదువబడు ప్రాచీనానువాదమున ఆ వచనమునందలి మాట ‘విశ్వాసమువలననే’ అని యున్నది. ఐరోపాఖండమున కలహమునకు కారణమైన పదము తెలుగులో ఒక్క ఏకారముగా మారి ఎవరికిని కనబడకుండ కూర్చున్నది. ఈ అనువాదమును రూపొందించినవారు అందరును లూథరనులు కారు. అది వారి పక్షపాతము కాదు. క్రియలు లేకుండ అని ముందు చెప్పి, విశ్వాసమువలన అని పిదప చెప్పునపుడు తెలుగువాని నాలుక తనంతట తాను ఏకారమును పలుకును. ధాన్యమే తెచ్చెను, సొమ్ము తేలేదు అని తెలుగు రైతును గూర్చి అనవలసివచ్చినను ఆ ఏకారమే వచ్చును. లూథరు జర్మను భాషకై చేసిన వాదమునకు ఇంతకంటె చక్కని సాక్ష్యము దొరకుట కష్టము. గుజరాతీలో ఈ పని చేయునది ‘జ’ అను అవ్యయము. అది భాషలో ఉన్నంత మాత్రమున ఉపదేశమున ఉన్నట్లు కాదు. తెలుగు వాక్యమును మనస్సులో ఉంచుకొని గుజరాతీలో బోధించువాడు ‘విశ్వాసథీ’ అని యూరకుండిన, తత్సమము దాటినది కాని సిద్ధాంతపు ముల్లు దాటలేదు. ‘విశ్వాసథీ జ’ అని వివరించినప్పుడే అది దాటును.

రెండవది ‘గా’, ‘అని’ అను రెండింటికి గల భేదము. ఆ వచనముననే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుదురను భావము కలదు. ఇందలి ‘తీర్చు’ ధాతువు మిక్కిలి విశాలమైనది. న్యాయాధిపతి తగవు తీర్చును. తీర్పు అను నామము అందుండియే పుట్టినది. స్త్రీ వాకిట ముగ్గు తీర్చును. శిల్పి బొమ్మను తీర్చును. ఒకటి ప్రకటించుట, మరియొకటి రూపొందించుట. పదునారవ శతాబ్దపు వివాదమంతయు ఈ రెండర్థముల నడుమనే జరిగినది. 1547 జనవరిలో ట్రెంటు మహాసభ, మానవుడు నీతిమంతుడగుట పాపక్షమాపణ మాత్రమే కాదనియు, లోపలి మనుష్యుడు నూతనపరుపబడుట కూడ ననియు నిర్ణయించెను. 1577 నాటి ఏకవాక్యతా సూత్రమున, ఆ మాటకు నిర్దోషియని ప్రకటించుట అను అర్థమునే గ్రహింపవలెనని లూథరనులు నిశ్చయించిరి. 1999 అక్టోబరు 31వ తేదీన ఆగ్స్‌బర్గులో లూథరను ప్రపంచ సమాఖ్యయు, కతోలిక సంఘమును ఈ విషయముపై ఉమ్మడి ప్రకటనము చేసినవి. మిస్సోరీ సినడువంటి సంఘములు దానిని ఆమోదింపలేదు. నాలుగున్నర శతాబ్దముల వివాదమునందలి రెండు పక్షములును తెలుగులో ఒకే ధాతువునందు కాపురముండుట విశేషము.

ధాతువు తటస్థమైనను ప్రత్యయము తటస్థము కాదు. ‘గా’ చేరినపుడు తెలుగువాని చెవికి రూపకల్పనార్థమే ముందు తోచును: రాతిని శిల్పముగా తీర్చెను, కొడుకును ప్రయోజకునిగా తీర్చెను. ‘అని’ చేరినపుడు ప్రకటనార్థము తోచును: నిర్దోషియని తీర్పు చెప్పెను. అనగా లూథరను బోధకుడు ‘అని’ యొక్క అర్థమును చెప్పవలసిన చోట ఆతని చేతిలోని వాక్యమున ‘గా’ ఉన్నది. ఇంతటితో ఆగలేదు. యాకోబు పత్రిక 2వ అధ్యాయము 24వ వచనమున గ్రీకులో అదే క్రియ ఉన్నను, తెలుగు అనువాదము అచట ‘నీతిమంతుడని యెంచబడు’ అను మాటలను వాడినది. పౌలుకు ‘గా తీర్చు’, యాకోబుకు ‘అని యెంచు’. ఈ రెండు పత్రికలు పరస్పరవిరుద్ధముగా కనబడుటచేతనే లూథరు 1522లో యాకోబు పత్రికను గడ్డిపత్రిక అనునంతటి సాహసము చేసెను. తెలుగు పాఠకునికి ఆ విరోధము కనబడదు. అనువాదకుని కలము దానిని ముందే కప్పినది. గుజరాతీ అనువాదమున రెండుచోట్లను ‘న్యాయీ ఠరవుం’, ‘న్యాయీ ఠరావవుం’ అను రూపములే ఉన్నవి. ఠరావు అనగా తీర్మానము, నిర్ణయము. అందుచే గుజరాతీ పాఠమున న్యాయస్థానము స్పష్టము, విరోధమును స్పష్టమే. తెలుగు పాఠమున రెండును అస్పష్టములు. తెలుగు చదివిన తండ్రియు, గుజరాతీ చదివిన కొడుకును ఒకే వచనమునుండి వేరువేరు ప్రశ్నలతో లేతురనుటలో ఆశ్చర్యమేమున్నది?

నామమునందును ఇట్టి భేదమే కలదు. తెలుగున నీతి అనగా సత్ప్రవర్తన, లోకజ్ఞత. సుమతిశతకము చదివినవాడును, నీతిచంద్రిక చదివినవాడును ఆ మాటను అట్లే గ్రహింతురు. నడవడి చక్కనివాడు నీతిమంతుడు. నడవడితో నిమిత్తము లేకుండ ఒకడు నీతిమంతుడగునని చెప్పిన, తెలుగువానికి అది మాటలోనే విరోధముగా తోచును. గుజరాతీలోని ‘న్యాయీ’ శబ్దము న్యాయశబ్దమునుండి వచ్చినది గనుక అంతగా ఎదురు తిరుగదు. నీతి, న్యాయము రెండును తత్సమములే. రెండు భాషలవారికిని రెండును తెలిసినవే. అయినను ఒకదాని స్థానమున మరియొకటి నిలుచుటతో వినువాని సంశయము వేరగుచున్నది. తత్సమము కూడ ఏ భాషలో నివసించునో ఆ భాష గాలిని పీల్చునని దీనివలన తెలియవలెను. తెలుగులోపల కూడ ఇట్టిది కలదు. లూథరనులు కృప అన్నచోట తెలుగు కతోలికులు వరప్రసాదము అను మాటను వాడుదురు. కృప అనగా దయచూపువాని మనస్సు. వరప్రసాదము అనగా ఇయ్యబడిన వస్తువు. కృప దేవుని అనుగ్రహమా, ఆత్మలో నింపబడిన గుణమా అను పాత వివాదము ఈ రెండు మాటలలో ప్రతిధ్వనించుచున్నది.

మూడవది ‘బడు’ చేరిన కర్మణి ప్రయోగము. ఇది తెలుగు నుడికారమునకు సహజము కాదని వైయాకరణులు చెప్పుచుందురు. బైబిలు అనువాదములలో ఇది అడుగడుగున కనబడుటచే ‘పాదిరి తెలుగు’ అని పరిహసించుట కూడ పండితులకు అలవాటు. పరిహాసము కొంతవరకు తగినదే; అనవసరమైన చోట్ల ‘బడు’ ప్రయోగము వాక్యమును బరువెక్కించును. కాని ఈ సిద్ధాంతమున దానికి తగిన చోటు ఒకటి కలదు. తన యవ్వనమున దేవుని నీతి అను మాట తనను భయపెట్టెననియు, ఆ నీతి దేవుడు అడుగునది కాక ఇచ్చునదియని గ్రహించినపుడు తనకు ద్వారములు తెరువబడినట్లయ్యెననియు లూథరు 1545లో వ్రాసిన పీఠికలో తెలిపెను. మానవుడు చేయువాడు కాక పొందువాడై యుండు ఆ నీతికి నిష్క్రియనీతి యని పేరు. ‘తీర్చబడు’ అను రూపమున కర్త స్థానమున నిలిచిన మానవుడు ఏ పనియు చేయుట లేదు. వ్యాకరణమున దోషమని తలపబడినది సిద్ధాంతమున గుణమైనది. ‘నీతిమంతులగుదురు’ అని చక్కని తెలుగు వ్రాసినచో శైలి బాగుపడును. కర్తృత్వము మాత్రము మానవుని చేతికి జారిపోవును. అనువాదశైలిని విమర్శించు పండితుడు ఆ శైలి ఏ భారమును మోయుచున్నదో చూచిన పిమ్మట విమర్శించుట న్యాయము.

నాలుగవది క్రియలేని వాక్యము. 1529 అక్టోబరులో మార్బర్గు నగరమున లూథరు, జ్వింగ్లీ ప్రభురాత్రి భోజనమును గూర్చి వాదించిరి. రొట్టెను చూపి ఇది తన శరీరమని క్రీస్తు పలికిన వాక్యమున ‘అగును’ అను అర్థమిచ్చు క్రియను ఉన్నది ఉన్నట్లు గ్రహింపవలెనని లూథరు, ‘సూచించును’ అని గ్రహింపవలెనని జ్వింగ్లీ పట్టుపట్టిరి. లూథరు ఆ వాక్యమును సుద్దతో బల్లమీద వ్రాసి దానిని విడువనని కూర్చుండెనట. తెలుగులో ఆ వివాదము నిలుచుటకు చోటే లేదు. ‘ఇతడు రాజు’, ‘ఇది ఇల్లు’ అను వాక్యములలో క్రియ ఉండదు. రెండు నామములు ప్రక్కప్రక్కన నిలుచుటతోనే వాక్యము పూర్తియగును. గుజరాతీ వాక్యమున ‘ఛే’ అను క్రియ తప్పక వచ్చును. కలహమునకు కావలసిన పదము అచట సిద్ధముగా నున్నది. క్రీస్తు పలికియుండిన అరమాయికు భాషలో కూడ ఇట్టి వాక్యము క్రియ లేకుండ నడచునని చూపి, ఈ వివాదమే వ్యర్థమని తేల్చినవారు కలరు. అది తొందరపాటు. గ్రీకు పాఠమున క్రియ ఉన్నది. సంఘమునకు ప్రమాణము ఆ పాఠమే. తెలుగు నిర్మాణమువలన ఏ పక్షమును గెలువదు. కాని తెలుగులో ‘సూచన’ అను అర్థము రావలెనన్న సూచన, గుర్తు వంటి మరియొక మాటను తెచ్చి చేర్చవలెను. చేర్చనంతవరకు వినువాడు రెండు నామములను ఒకటిగనే గ్రహించును. ఉపదేశగ్రంథమునందలి లూథరు సమాధానము తెలుగు చెవికి ఎట్టి యత్నము లేకుండ అందుట ఇందువలననే. ఆ చెవి గుజరాతీకి అలవడినపుడు, కాల్విను పరంపరకు చెందిన ఆరాధనలో ‘ఛే’ అను క్రియకు ఇయ్యబడు వివరణము క్రొత్తగా వినబడును. పిల్లవాడు సిద్ధాంతము మార్చుకొనినట్లు ఎరుగకయే మార్చుకొనును.

ఈ నాలుగు ఉదాహరణములు పండితుల వినోదమునకై ఏర్చినవి కావు. వీనికిని కాపరి పనికిని గల సంబంధము సన్నిహితమైనది. ఆగ్స్‌బర్గు విశ్వాసప్రమాణము తన 4వ ప్రకరణమున నీతిమంతుడగుటను గూర్చి చెప్పి, వెంటనే 5వ ప్రకరణమున ఆ విశ్వాసము కలుగుటకై బోధించు పరిచర్య నియమింపబడెనని చెప్పుచున్నది. తెలుగు లూథరనులు అయ్యగారని పిలుచు కాపరి చేయవలసిన పని బోధ. బోధకు ఫలము కలతచెందిన మనస్సునకు ఊరట. మెలాంక్తను సమర్థనము ఈ ఊరటనే మరల మరల ప్రస్తావించును. రాత్రి పాళీ ముగించి వచ్చి మంచముపట్టిన కార్మికుడు, తాను నీతిమంతుడనా అని అడిగెననుకొనుడు. ‘గా తీర్చబడు’ అను మాటను ముగ్గు తీర్చిన అర్థమున వినియున్నచో ఆతడు తన బ్రతుకును తడవుకొని చూచుకొనును. ఎచట తీర్చబడినది, ఎంత తీర్చబడినది అని వెదకి ఏమియు కానక క్రుంగును. తగవు తీర్చిన అర్థమున వినియున్నచో తన బ్రతుకును కాక, తీర్పరి నోటిమాటను చూచును. రోగి ఒకడే, ధాతువు ఒకటే. మనశ్శాంతి మాత్రము ప్రత్యయముయొక్క వివరణమునుబట్టి యుండును. ఆ క్షణమున వ్యాకరణము తెలిసిన కాపరికిని, తెలియని కాపరికిని గల అంతరము చిన్నది కాదు.

అయినచో సూరతులోని కాపరి ఏ భాషలో బోధింపవలెను? తెలుగును విడువరాదు, విడిచినచో సిద్ధాంతమే పోవును అనువారు కలరు. వారి మాట భాషాభిమానమున పుట్టినది కాని లూథరు ఉపదేశమున పుట్టినది కాదు. ఇంటివారికి సరళముగా తెలియుటయే ఆ గ్రంథమునకు ప్రయోజనము. తెలియని తెలుగులో పదియాజ్ఞలను వల్లించు పిల్లవాడు, లాటినులో ప్రార్థన వల్లించిన పదునారవ శతాబ్దపు సామాన్యునికంటె మేలైన స్థితిలో లేడు. సిద్ధాంతమునకు భాషతో పనిలేదు, గుజరాతీలోనో హిందీలోనో చెప్పిన చాలును అనువారును కలరు. పైని ఉదాహరణములే వారికి సమాధానము. సరియైన మార్గము ఈ రెంటికిని నడుమ కాదు, రెంటికంటె కష్టమైనది. పిల్లవానికి తెలిసిన భాషలో బోధింపవలెను. కాని తెలుగు వాక్యము చేసిన పనిని ఆ భాషలో ఏది చేయునో వెదకి తెచ్చి బోధింపవలెను. ఏకారమునకు ‘జ’కారమును, ‘తీర్చు’నకు ‘ఠరావవుం’ను, క్రియాశూన్యతకు ‘ఛే’ యొక్క వివరణమును సమకూర్చుట కాపరి బాధ్యత. ఒక్కొక్కచోట, అనగా ‘న్యాయీ ఠరవుం’ వంటి తావున, గుజరాతీ మాటయే సిద్ధాంతమునకు దగ్గరగా నుండును. అట్టిచోట కొడుకు చదివిన పాఠము తండ్రికి వ్యాఖ్యానము కాగలదు. వలస ఎల్లప్పుడును నష్టమే కాదు.

ఇట్టి పరిశీలనము కేంద్రవిశ్వవిద్యాలయమునందలి తెలుగు శాఖకు తగునా అను శంక కలుగవచ్చును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును శైవులు కానివారును పఠించి పరిశోధించుచున్నారు. 1369లో భీమకవి ఆ పురాణమును కన్నడమునకు తెచ్చినపుడు తెలుగు శివభక్తుని మాట కన్నడమున ఏ రూపు దాల్చెనను ప్రశ్న తులనాత్మక సాహిత్యమున గౌరవప్రదమైన ప్రశ్నయే. ద్విపదకు లభించిన గౌరవము ఉపదేశగ్రంథమునకు లభింపకపోవుటకు కారణము మతము కాదు. వచనమనిన, అందులోను అనువాదవచనమనిన గల చులకనభావము. 1746 మొదలు నేటివరకు తెలుగున ఉపదేశగ్రంథము పెక్కుమార్లు వెలువడినది. ఒకే జర్మను మూలమునకు వేరువేరు కాలములలో, వేరువేరు సీమలలో తెలుగు రూపము లేర్పడినవి. వాడుకభాషనుండి గ్రాంథికమునకును, మరల వాడుకకును తెలుగు వచనము నడచిన దారిని కొలుచుటకు ఇట్టి కొలబద్ద మరియొకటి సులభముగా దొరకదు. వ్యావహారికభాషావాద చరిత్రను వ్రాయువారు దీనిని విడిచి వ్రాయుట లోపమే.

కావున చేయవలసిన పనులు మూడు కనబడుచున్నవి. మొదటిది, ఆ ముద్రణములను పాఠభేదములతో పరిష్కరించుట. రెండవది, తెలుగు, గుజరాతీ భాషల క్రైస్తవ పరిభాషను పదపట్టికగా కాక వాక్యములుగా పోల్చుట. పదపట్టికలో విశ్వాసమునకు ఎదుట విశ్వాసము, కృపకు ఎదుట కృప నిలిచి సమస్యను దాచునే కాని చూపదు. ఏకారము, ‘గా’, ‘అని’, ‘బడు’ అనువానికి పదపట్టికలో చోటు దొరకదు. మూడవది, సూరతువంటి నగరములలోని పిల్లలకై ఉపదేశగ్రంథపు తెలుగు పాఠమును గుజరాతీ లిపిలో అచ్చు వేసి, ఎదుటి పుటలో గుజరాతీ వాక్యమును, క్రింద రెండు మూడు పంక్తుల వివరణమును చేర్చుట. లిపిని విడుచుట భాషను విడుచుటయే అని దీనిని ఆక్షేపింతురు. చెవికి తెలిసి కంటికి తెలియని భాషను కంటికి చేర్చు వంతెన అది. వంతెన దాటినవాడు లిపిని నేర్చుకొనగలడు, వంతెన లేనివాడు తీరముననే నిలిచిపోవును. తెలుగు లిపి హాలే నగరమున అచ్చునకు ఎక్కినది కూడ పరదేశీయుల చేతులలో, పరదేశమున అను విషయము మరువరాదు.

పెద్దమాటలను కాపాడుటకు నిఘంటువులున్నవి. ముగ్గు తీర్చుట, తగవు తీర్చుట అను రెండింటి నడుమ ఒక రోగి మనశ్శాంతి ఊగిసలాడునపుడు నిఘంటువు ఆతని మంచముకడకు రాదు. రావలసినవాడు కాపరి. ఆతని చేతికి ఆ భేదమును స్పష్టముగా వ్రాసి ఇయ్యవలసినవాడు భాషాపండితుడు. ఈ ఋణము తెలుగు శాఖలు తీర్చవలసియున్నది.